చెవిలోని ఇసుక

బియ్యంలో పురుగులు ఏరే మగవాణ్ణి నేను ఎక్కడా చూడలేదు గానీ, రాళ్ళలో పురుగులు ఏరే మగవాణ్ణి మాత్రం కట్టుకున్నాను. ఆయన పేరు రుద్రముని. ఆదోనిలో కట్టుడు పళ్ళు తయారుచేసే పని. ఊళ్ళోని పంటి డాక్టర్లు నోటి అచ్చులు తీసి పంపితే, మా వీధి గదిలో కూర్చుని ఆయన వాటికి పళ్ళు అమర్చేవారు. ఆ పని మధ్యాహ్నానికల్లా ముగించేవారు. తరవాత అదే బల్ల మీద, అవే పనిముట్లతో, ఆయన లెక్కలో అసలు పని మొదలయ్యేది.

ఎప్పుడో ఒక పళ్ళ సామాన్ల ఏజెంటు మొరాకో దేశపు రాయొకటి ఆయన చేతిలో పెట్టి పోయాడు. అందులో ట్రైలోబైటు ఉంది. మనుషుల మాట దేవుడెరుగు, డైనోసార్లు కూడా పుట్టని కాలంలో సముద్రం అడుగున పాకిన జీవి అది. వీపంతా పెంకులు పెంకులుగా ఉంటుంది. బురదలో కూరుకుపోయింది, బురద రాయైంది, రాయిలో అదీ రాయైంది. అంతటితో మా ఆయనకు పిచ్చి పట్టింది. నెలకో రెండు నెలలకో ఎక్కడెక్కడినుంచో పార్శిళ్ళు వచ్చేవి. విప్పితే రాళ్ళు.

ఆ పని చూడ్డానికి ఓపిక కావాలి. రాయిని సుత్తితో కొడితే రెండు చెక్కలవుతుంది, మధ్యలో ఒక నల్లటి గీత కనిపిస్తుంది. పురుగు అడ్డంగా తెగిన గుర్తు అది. అక్కడినుంచి తవ్వుతారనుకుంటాం. కాదు. ముందు ఆ రెండు చెక్కల్నీ జిగురుతో మళ్ళీ అతికిస్తారు. అతికించాక పైనుంచి, సూక్ష్మదర్శిని కింద పెట్టుకుని, రేణువు తరవాత రేణువు తీస్తూ దిగుతారు. గాలితో కొట్టుకునే సూది కొంతసేపు, పళ్ళ గార తీసే కొక్కెం కొంతసేపు, సోడా పొడి చిమ్మే సన్నటి గొట్టం కొంతసేపు. పెంకు మీద గీత పడకూడదు. ఒక్కో పురుగుకు ఒక కాలం గడిచిపోయేది. ఇంట్లో బొద్దింక తిరుగుతోందంటే లేవని మనిషి, రాతి బొద్దింకకు మాత్రం కుంచెతో స్నానం చేయిస్తారని నేను ఎగతాళి చేసేదాన్ని. ఆయన నవ్వేవారు. నేను ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచర్ని, ఎగతాళి చేస్తూనే అన్నీ గమనించేదాన్ని.

నీలాంబిక మా ఒక్కతే కూతురు. నడక రాకముందే ఆ బల్ల కింద పాకింది. కాస్త పెద్దయ్యాక వాళ్ళప్ప ఒడిలో కూర్చుని సూది పట్టుకోవడం నేర్చుకుంది. పద్దెనిమిదేళ్ళు వచ్చేసరికి దాని చెయ్యి వాళ్ళప్ప చేతికంటే నిలకడగా ఉండేది. ఆ మాట ఆయనే అందరికీ చెప్పుకుని మురిసిపోయేవారు.

ఆ ఏడు ఒక ముళ్ళ పురుగు వచ్చింది. దాని వీపు మీద వెంట్రుకంత సన్నని ముళ్ళు నిలువుగా లేచి ఉంటాయి. చుట్టూ రాయి తీసేస్తే ముల్లు గాలిలో నిలబడాలి. ఆయన నెలల తరబడి దాని మీదే ఉన్నారు. చివరి ముల్లు ఒక్కటి మిగిలిన రోజు భోజనానికి లేచారు. ఆయన తిని వచ్చేసరికి పూర్తిచేసి చూపిద్దామని నీల కూర్చుంది. సూది రవ్వంత పక్కకు పోయింది. ముల్లు విరిగి ఎటో ఎగిరిపోయింది. తల్లీ కూతుళ్ళం మోకాళ్ళ మీద నేలంతా వెదికాం. దొరకలేదు.

ఆయన తిట్టలేదు. పోనీలే అనీ అనలేదు. సూక్ష్మదర్శినికి గుడ్డ కప్పి బయటికి వెళ్ళిపోయారు. మా ఆయన కోపం అరుపుల్లో ఉండదు, నోరు మూసుకోవడంలో ఉంటుంది. నేను దానికి అలవాటుపడ్డాను, నీల పడలేదు. ఆ సాయంత్రమూ మర్నాటి పొద్దునా ఆయన దానితో ఒక్క మాట మాట్లాడలేదు. భోంచేసి, స్నేహితురాలి ఇంటికి పోయొస్తానని చెప్పి అది బయల్దేరింది.

మా ఊరి కొండల పక్కన రాయి తీసి వదిలేసిన క్వారీ గుంత ఒకటుంది. చలికాలంలో ఆ నీళ్ళు ఎముకలు కొరికేస్తాయి. గొర్రెలు కాసేవాళ్ళు చూసి కేకలు వేశారట. కబురు అందగానే మా ఆయన పరుగెత్తిపోయి, తానే దిగి పైకి తెచ్చారు. ఆ గుంత గట్టు మీదే ఒక ఆర్‌ఎంపీ డాక్టరు మణికట్టు పట్టుకుని చూసి, కనురెప్ప ఎత్తి చూసి, ప్రాణం లేదని తల ఊపాడు. పెద్దాసుపత్రికి తీసుకుపోదామని ఎవరో అన్నారు. "ఇంకేం ఆసుపత్రప్పా, పోతే కేసు అంటారు, పిల్లను కోస్తారు" అని మా పెద్దవాళ్ళు అన్నారు. కోస్తారన్న ఒక్క మాటే ఆయనకు వినిపించింది. టెంపోలో ఇంటికి తెచ్చారు. చాప మీద పడుకోబెడితే నేను తల ఒడిలోకి తీసుకున్నాను. మా వైపు ఆడవాళ్ళు కదలకుండా ఏడవరు. ముందుకూ వెనక్కూ ఊగుతూ, పోయినవాళ్ళ సంగతులు ఒక్కొక్కటే చెప్పుకుంటూ ఏడుస్తారు. నేనూ అలాగే ఊగాను. చాలాసేపు ఊగాను.

మేం లింగాయతులం. మాలో కాల్చరు. చేతిలో లింగం ఉంచి, కూర్చోబెట్టి, చుట్టూ విభూతీ ఉప్పూ నింపి సమాధి చేస్తారు. పొద్దు గూకకముందే అదీ అయిపోయింది.

ఆ తరవాత ఏడేళ్ళు మా ఇంట్లో ఒకే ఒక్క ప్రశ్న కాపురం చేసింది. నీల జారి పడిందా, దూకిందా. ఆయన పైకి అనేవారు కాదు. పళ్ళు అమర్చుతూ అమర్చుతూ చెయ్యి ఆపి గోడకేసి చూస్తుంటే ఆ ప్రశ్నే అడుగుతున్నారని నాకు తెలిసిపోయేది. ముల్లు విరిగిన పురుగును డబ్బాలో పెట్టి అటక మీదికి ఎక్కించారు. మిగతా రాళ్ళ పని మాత్రం మానలేదు, మానితే ఏమైపోయేవారో నాకు తెలియదు.

నాకేమో కళ్ళు తిరిగే జబ్బు పట్టుకుంది. పడుకుని పక్కకు తిరిగితే చాలు, ఇల్లంతా గిర్రున తిరిగేది. చెవి డాక్టరు నా తల పట్టుకుని ఇటు వంచి అటు తిప్పి, "లోపలి చెవిలో సున్నపు ఇసుక లాంటిది ఉంటుందమ్మా, తల ఎటు కదిలిందీ దాని వల్లే మనకు తెలుస్తుంది. నీకది చోటు తప్పింది" అన్నాడు. ఇంటికొచ్చి ఆయనకు చెప్పాను. మనిషిలో కూడా రాయి ఉందా అని ఆయన ఎన్నాళ్ళ తరవాతో నవ్వారు.

డాక్టర్ నఫీసా ఫోన్ చేసింది ఆ రోజుల్లోనే. హైదరాబాదులో ఒక పరిశోధనాలయంలో స్ఫటికాల మీద పనిచేసే అమ్మాయి. ఆయన ఇంటర్నెట్లో పెట్టిన ఫొటోలు చూసింది. ఆమెకు ట్రైలోబైటు కళ్ళు కావాలి, అదీ ఆసిడ్ తగలకుండా, వేడి తగలకుండా, చేత్తో తీసినవి. ఆ జీవి కన్ను మన కన్నులా మెత్తటిది కాదు. రాతి కన్ను. స్వచ్ఛమైన సున్నపు స్ఫటికాలు పూసల్లాగా వరసలు కట్టి ఉంటాయి. ఆయన మూడు కళ్ళు సిద్ధంచేసి దూదిలో చుట్టుకుని బయల్దేరారు. బయటికి పోతే అన్నం సంగతి మరిచిపోతారని నేనూ వెంట వెళ్ళాను.

పరిశోధనాలయం అంటే ఏదో అనుకున్నాను. నల్లటి తెరలు కట్టిన గది, బీరువా అంత పెట్టె, ఒక తెర. నఫీసా ముప్పై దాటని పిల్ల, చున్నీ నడుముకు బిగించుకుని ఆ పెట్టె చుట్టూ తిరుగుతోంది. ఒక కన్నును లోపల పెట్టి ఆ కన్ను చూసిన వెలుగు స్ఫటికంలో నిలిచి ఉంటుందట, దాన్ని బయటికి రప్పించడానికి ఏదో కిరణం వదిలింది.

తెర మీద ముందు పచ్చటి మసక. తరవాత ఆ మసకలో పైనుంచి వెలుగు ముడతలు ముడతలుగా దిగుతూ కనిపించింది. నీళ్ళ అడుగునుంచి చూసే ఎండ. ఏదో పెద్ద నీడ దాటిపోయింది. ఇసుక లేచింది, సర్దుకుంది. మళ్ళీ ఎండ. కోట్ల ఏళ్ళ కింద ఒక పొద్దున పడ్డ ఎండ అది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. చూస్తుండగానే చప్పున అంతా నలుపైపోయింది.

"చచ్చిపాయనా?" అని అడిగాను.

"లేదు బసమ్మా" అన్నారు ఆయన. "ఇది విడిచిన కుబుసం. చెంపల పెంకులు రెండు పక్కలకు తెరుచుకోనుండాయి చూడు. పాత పెంకు విడిచేసి అది బయటికి పాక్కుంటా పోయింది."

నఫీసా ముఖం వెలిగిపోయింది. "అదే అంకుల్ మాకు కావలసింది. ఇది వదిలి వెళ్ళిపోయాక కూడా ఆ డొల్ల మీద ఎండ పడే ఉంటుంది కదా. అయినా కన్నులో ఏమీ లేదు. వెనక ప్రాణం ఉన్నంతసేపే స్ఫటికం పట్టుకుంటుంది. ప్రాణం వదిలిన క్షణం నుంచి ఖాళీ."

ఒక్కసారి కిరణం పడితే లోపలున్నదంతా బయటికి వచ్చేస్తుందట. రెండోసారి ఏమీ రాదట. ఆ కన్ను ఇప్పుడు మామూలు గాజుపూస. అందులో పట్టేది కూడా ఒక పాటంత సేపే, కొత్తది పడేకొద్దీ పాతది చెరిగిపోతుంది.

ఆ ఉత్సాహంలో ఆ పిల్ల ఇంకోటి చూపించింది. గోడ పక్కన పీటంత పలక ఒకటి, కింద మోటార్లు. "చేపల చెవుల్లో చిన్న రాళ్ళుంటాయి అంకుల్. అవి వెలుగును కాదు, కదలికను పట్టుకుంటాయి. చెరువు చేపతో చేశాం. చెయ్యి పెట్టి చూడండి." పలక మీద అరచేతులు ఆనించాం. మెత్తగా ఊగింది. నీళ్ళ ఊపు. ఉన్నట్టుండి వల పడింది కాబోలు, పలక పిచ్చిగా కొట్టుకుంది, కొట్టుకుని ఆగిపోయింది. నా తల తిరిగిపోయింది. కుర్చీలో కూలబడి గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాను. వాళ్ళ మాటలు మాత్రం వినిపిస్తూనే ఉన్నాయి.

"చచ్చాక దాన్ని బుట్టలో వేశారు, ఆటోలో బజారుకు తెచ్చారు. ఆ కుదుపులేవీ ఇందులో లేవు చూడండి" అంటోంది నఫీసా.

 నేను కళ్ళు తెరిచేసరికి ఆయన నా వైపే చూస్తున్నారు. నా ముఖం వైపు కాదు, చెవి వైపు.

ఆయన ఏమి అడగబోతున్నారో అప్పుడే నాకు తెలిసింది. తిరుగు రైల్లో అడిగారు.

"నీ చెవుల్లో ఉండాది గదా ఇసుక. నీలకీ ఉంటాది గదా."

నేను కిటికీలోంచి బయటికి చూశాను.

"మనం కాల్చల్యా. విభూతిలో కూర్చోబెట్టినాం. సున్నం కరిగిపోకుండా విభూతి కాపాడ్తాది. యాడికీ పోయుండదు బసమ్మా."

"నోరు ముయ్యండి" అన్నాను. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన్ని ఆ మాట అనడం అదే మొదలు.

ఇంటికొచ్చాక మళ్ళీ ఎత్తారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "పిల్లను కోస్తారని ఆసుపత్రికి గూడా తీసకపోనోళ్ళం. ఇప్పుడు మీరే తవ్వి తీస్తారా?"

"జారిందా, దుంకిందా. ఆ ఒక్కటీ తెలిస్తే చాలు నాకు."

"జారింది."

"నీకెట్ల తెల్సు?"

"కన్నదాన్ని."

"నేను మాట్లాడకుండా ఉండినోణ్ణి" అన్నారు ఆయన. గొంతు పెంచలేదు. రోటి పక్కన కూర్చుని, చేతుల్లో ముఖం పెట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఆయన ఏడవడం నేను నీల పోయిన రోజున కూడా చూడలేదు.

ఒప్పుకున్నాను. ఆయన మీద జాలితోనే ఒప్పుకున్నానని ఇన్నాళ్ళూ అనుకున్నాను, అది పూర్తి నిజం కాదు. జారిందని నేను ఎంత గట్టిగా చెప్పేదాన్నో అంత గట్టిగా నాకే నమ్మకం లేదు. యంత్రం జారిందని చెబుతుంది, ఆయన భుజాల మీదినుంచి ఆ బరువు దిగుతుంది, నా గుండెలో ముల్లూ పోతుంది. అంత ఆశపడ్డాను.

 నఫీసా మాత్రం వినగానే, చేపల మాట ఎందుకు ఎత్తానా అని తనను తాను తిట్టుకుంది. రావద్దని మూడుసార్లు చెప్పింది. చివరికి నాతో ఫోన్‌లో, "ఆంటీ, ఏమొస్తుందో నేను మాటివ్వలేను. ఒక్కసారే వస్తుంది. ఆఖరి ఒక పాటంత సేపే ఉంటుంది" అంది.

"ఆ ఆఖరి పాటంత సేపే గదమ్మా మాకు కావాల్సింది" అన్నారు ఆయన నా చేతిలోంచి ఫోన్ తీసుకుని. నీళ్ళలో పడగానే ప్రాణం పోయిందనీ, కాబట్టి అందులో గట్టు మీది అడుగులు ఉంటాయనీ మా ఇద్దరి లెక్క. ఆ లెక్క తప్పు కావచ్చని మాకు తోచనే లేదు.

ఆఫీసుల చుట్టూ తిరిగి అనుమతి తెచ్చారు. మఠం అయ్యవారు మొదట తలుపు వేసుకున్నారు. తరవాత తానే వచ్చి, సమాధి దగ్గర నీళ్ళు చల్లి, "కావాల్సింది తీసుకోండి, ఆయమ్మను కూర్చున్న చోటినుంచి కదిలించొద్దండి" అన్నారు. నేను దూరంగా నిలబడ్డాను. మా ఆయన తెల్లటి గుడ్డలో ఉసిరికాయంత విభూతి గడ్డ పట్టుకుని వచ్చారు. చెవి వెనక ఎముక అందులో ఉంది. మనిషి ఒంట్లో అంత గట్టి ఎముక ఇంకోటి లేదట.

దాన్ని విప్పడం తన దగ్గర ఎవరివల్లా కాదని నఫీసా చెప్పేసింది. అటువంటి పని చేసే చెయ్యి ఆమెకు తెలిసింది ఒక్కటే. మా వీధి గదిలో, అదే బల్ల మీద, అదే సూక్ష్మదర్శిని కింద, ఆయన తన కూతురి చెవిని విప్పడానికి కూర్చున్నారు. గాలి సూది వాడకూడదు, అదిరితే లోపలిది చెదిరిపోతుంది. పొడి చిమ్మకూడదు. ఒట్టి సూది, తడి కుంచె. పట్టపగలు తలుపులన్నీ మూసి, ఫ్యాను ఆపేసి, నేను పక్కన కూర్చున్నాను. ఊపిరి తగిలితే ఎగిరిపోయేంత సన్నటి రేణువులవి. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను.

ఆయన చెయ్యి ఒక్కసారి కూడా వణకలేదు. అదే నాకు భరించరానిదిగా అనిపించింది. వణికితే బాగుండునని నేను కోరుకున్నాను, చెదిరిపోతే బాగుండునని కూడా కోరుకున్నాను. మధ్యలో ఒకసారి ఆయన కన్ను ఎత్తకుండానే, "మెల్లిగా లేమ్మా, అయిపోవచ్చింది" అన్నారు. నాతో కాదు. నీలకు పని నేర్పించేటప్పుడు ఆయన గొంతు అలాగే ఉండేది. ఏడేళ్ళ తరవాత ఆయన కూతురితో మాట్లాడిన మొదటి మాట అదే.

సాయంత్రానికి గాజు పలక మీద చిటికెడులో చిటికెడు తెల్లటి ఇసుక మిగిలింది.

హైదరాబాదులో ఆ గదిలోకి మమ్మల్నిద్దర్నే తీసుకెళ్ళి, మిగతావాళ్ళందర్నీ నఫీసా బయటికి పంపేసింది. కదిలే పలక మీద మెత్తటి గుడ్డ పరిచింది. ఆయన కుడిచెయ్యి, నా ఎడమచెయ్యి దాని మీద పక్కపక్కన. "మొదలుపెట్టమంటారా?" అని అడిగింది. ఆయన నా వైపు చూశారు. నేను తల ఊపాను.

పలక గట్టిగా కుదిపింది. ఆయన వేళ్ళు బిగుసుకున్నాయి. గట్టు అనుకున్నారు, నేనూ అలాగే అనుకున్నాను. కుదుపు. ఇంకో కుదుపు. పక్కకు ఒరిగింది, సర్దుకుంది. మళ్ళీ కుదుపు. పడడం ఇంత సేపు ఉండదు. గతుకుల రోడ్డు మీద బండి పోతే ఎలా ఉంటుందో అలా ఉంది. ఆగింది. మెల్లగా పైకి లేచింది, గాలిలో తేలింది, కిందికి దిగింది. కాసేపు కదలిక లేదు.

తరవాత ఒక పక్క కొంచెం ఎత్తైంది, తల కింద ఎవరో చెయ్యి పెట్టినట్టు.

అప్పుడు ఊగడం మొదలైంది. ముందుకు, వెనక్కి. ముందుకు, వెనక్కి. మధ్యలో ఒక చిన్న ఎక్కిలి, మళ్ళీ ముందుకు. నా చేతి కంటే ముందు నా నడుముకు తెలిసింది. అది నా ఊపు. ఇంకెవరికీ రాని, నా ఒక్కదాని ఏడుపు ఊపు. నేను కుర్చీలో కూర్చున్నచోటే దానితోపాటు ఊగడం మొదలుపెట్టాను. నా చేతి కింద నా బిడ్డ తల ఉంది.

పలక ముందుకు వంగింది. వెనక్కి రాలేదు.

చాలాసేపు ఎదురుచూశాం. రాలేదు. ఆ రోజు నేను వెనక్కి ఊగాను, ఆ తరవాత ఎన్నిసార్లో ఊగాను. పలకకు మాత్రం అవేవీ తెలియవు.

నఫీసా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అంకుల్, ఇది... అంటే అప్పటిదాకా..." అంది.

"చాలమ్మా" అన్నారు ఆయన. ఆ ఒక్క మాట గట్టిగా అన్నారు. ఆ పిల్ల ఆగిపోయింది.

ఆయన నా వైపు తిరిగారు. ముఖం పాలిపోయింది, పెదవులు మాత్రం నవ్వడానికి చూస్తున్నాయి. "చూసినావా బసమ్మా. ఏమీ లేదు దీంట్లో. మనం అనుకున్నది పడల్యా. పానం పోయినంక గూడా మనం కదిలిస్తే ఇసుక కదుల్తాది గదా, అదే పడింది. బండిలో తెచ్చింది, నీ ఒళ్ళో పెట్టుకునింది. అంతే. ఉత్త ఇసుక."

కుబుసం మీద ఎండ పడుతూనే ఉన్నా రాతి కన్ను నల్లబడిపోవడం నేను చూశాను. చేపను బుట్టలో వేసి బజారుకు తెచ్చిన కుదుపులు లేవని నఫీసా చెప్పినప్పుడు నేను కళ్ళు మూసుకున్నాను గానీ చెవులు మూసుకోలేదు. నేను వినలేదని ఆయన అనుకున్నారు. ప్రాణం ఉన్నంతసేపే పట్టుకుంటుంది. టెంపోలో వస్తున్నప్పుడు మా పిల్ల బతికి ఉంది. చాప మీద పడుకోబెట్టినప్పుడు బతికి ఉంది. నా ఒడిలో బతికి ఉంది. చల్లటి నీళ్ళలో నాడి అందకుండా పోయిన పిల్లను పెద్దాసుపత్రికి తీసుకుపోకుండా, కోస్తారని భయపడి ఇంటికి తెచ్చుకుని, నేను దాని మంచితనం చెప్పుకుంటూ ఏడుస్తుంటే, అది నా ఏడుపు మధ్యలో ఎప్పుడో పోయింది.

నాకు తెలిసిందని ఆయనకు తెలిస్తే ఆయన ఇక బతకరు. అది కూడా నాకు ఆ క్షణంలోనే తెలిసింది.

"అంతేనా" అన్నాను. "పోనీలెండి. ఉత్త ఇసుకే గదా."

నా గొంతు మామూలుగానే వచ్చింది. ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. ఆయన పెద్దగా ఊపిరి వదిలారు, నన్ను కాపాడానన్న నిబ్బరంతో. నఫీసా మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. ఆ పిల్లకు నా సంగతి అర్థమైందనే అనుకుంటాను. గుమ్మం దాకా వచ్చి నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదలలేదు.

మనుషుల చెవుల జోలికి ఆమె మళ్ళీ పోలేదు. విషయం బయటికి పొక్కాక ఎందరెందరో ఆ తలుపు తట్టారట. అందరినీ వెనక్కి పంపింది. ఇప్పుడు వేరే దేశాల్లో చేస్తున్నారని పేపర్లో చదివాను. చేసుకోనీ. తెలుసుకోవాలని ఆశపడే తల్లులకు నేను చెప్పగలిగింది ఏమీ లేదు. నేనైతే మళ్ళీ అడిగినా ఒప్పుకుంటానేమో. ఎందుకంటే ఆఖరికి దానికి తగిలింది క్వారీ రాయి కాదు, నీళ్ళు కాదు, నా మోకాళ్ళు. అమ్మ ఒడి అని దానికి తెలిసే ఉంటుంది. ఆ ఒక్క మాట పట్టుకుని పొద్దున లేస్తాను. మిగతాది పట్టుకుని రాత్రి పడుకుంటాను.

ఆయన ముల్లు విరిగిన పురుగును అటక మీదినుంచి దించారు. ముల్లు లేని చోటు అలాగే వదిలేసి, చుట్టూ ఉన్న రాయి మాత్రం తీసి శుభ్రంచేశారు. ఇప్పుడది నీల ఫొటో కింద ఉంటుంది. జారిందా దూకిందా అనే ప్రశ్న మా ఇల్లు ఖాళీచేసి వెళ్ళిపోయింది. ఆయన గోడకేసి చూడడం మాత్రం మానలేదు.

నాకు కళ్ళు తిరగడం తగ్గలేదు. పక్కకు తిరిగితే మంచం ఊగుతుంది, ముందుకూ వెనక్కూ. డాక్టరు దగ్గరికి పోతే తల వంచి సరిచేస్తాడు. నేను పోవడం లేదు.

మొన్న ఆదివారం నేను పప్పులో రాళ్ళు ఏరుతుంటే ఆయన వచ్చి పక్కన కూర్చున్నారు. కాసేపు తానూ ఏరారు. ఆ వేళ్ళకు రాయి దొరకకుండా పోదు.

"బసమ్మా" అన్నారు, చేటలోనే చూస్తూ. "ఆ పొద్దు ఆర్‌ఎంపీ చెయ్యి పట్టుకోని చూసినాడు గదా."

"చూసినాడు."

"బాగా చూసినాడు గదా? శానాసేపు?"

నా ఒడిలోని చేట కొంచెం కదిలింది. దాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను.

"శానాసేపు చూసినాడు" అన్నాను. "నేను పక్కనే ఉండినా గదా."

నేను ఆ రోజు గుంత దగ్గరికి పోనే లేదు. ఇంటి దగ్గరే ఉన్నాను. ఆ సంగతి ఆయనకూ తెలుసు. తల ఊపి, మళ్ళీ పప్పు ఏరడం మొదలుపెట్టారు.